వాసన లేని గ్యాస్

"బాంబు హాల్లకొచ్చింది రత్నాకర్. ఏడ పెట్టిండ్రో నాకు చెప్పలే."

మైకు ఆపి, నవ్వు చెదరకుండా అంది సుమన. మెదక్ ఫంక్షన్ హాల్లో ఈ సభకు యాంకర్ ఆమె. విదేశీ ముఠా జీతం తింటూ మన ఏజెన్సీకి సమాచారం చేరవేసే డబుల్ ఏజెంటూ ఆమే. పట్టుచీర, జడ నిండా మల్లెలు, చేతిలో స్క్రిప్టు.

ఏజెంట్ రత్నాకర్ వీడియోగ్రాఫర్ వేషంలో ఉన్నాడు. సన్మానం మిసైల్ సైంటిస్టు జనార్దన్‌కు. ఎదురుగా హాలు నిండా జనం, సగం ఆడవాళ్ళూ పిల్లలూ. కెమెరాలో దాచిన ఎక్స్‌ప్లోజివ్ స్కానర్‌తో మూలమూలా గాలించాడు. గ్రీన్ లైట్. మళ్ళీ గాలించాడు. అదే దిక్కుమాలిన గ్రీన్ లైట్.

"చీఫ్, సభ ఆపేద్దాం."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు కటువుగా పలికింది. "ఆధారం లేకుండా ఆపితే సుమనే చెప్పిందని వాళ్ళకు తెలిసిపోతుంది. ఆమెను బతకనివ్వరు. వెతుకు."

వెతకడానికి ఇంకేం మిగిలింది గనక? ఈలోగా సుమన జనార్దన్‌ను జ్యోతి ప్రజ్వలనకు పిలిచేసింది. రత్నాకర్ స్టేజీ ఎక్కబోతుంటే నిర్వాహకుడు బిక్షపతి అడ్డం వచ్చాడు.

"జర బూట్లిడువుండ్రి సార్. దీపం కాడికి గట్లనే వస్తరా?"

విడిచాడు. స్టేజీ మీద కాలు పెట్టగానే పాదాలు జివ్వుమన్నాయి. నడి ఎండాకాలం, ఏసీ అంతంతమాత్రం, నేల మాత్రం మంచుగడ్డ. వంగి స్టేజీ గుడ్డ ఎత్తాడు. అతిథులకు పంచాల్సిన బాడీ స్ప్రే డబ్బాలు అడుగంతా పేర్చి ఉన్నాయి. ఒక్కదానికీ మూత లేదు, మీట నొక్కి టేపు చుట్టి ఉంది. అన్నీ సన్నగా బుస కొడుతున్నాయి.

ఆ డబ్బాల్లో సెంటును బయటికి తోసేది వంటగ్యాస్ తోబుట్టువే. సెంటు పాడవకూడదని కంపు మాత్రం తీసేస్తారు. వీటిలో సెంటు పోయకుండా ఉత్త గ్యాసే నింపారు. వదిలితే చుట్టుపక్కలంతా చల్లబడుతుంది, గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పాకుతుంది. మందుగుండు వెతికే స్కానర్‌కు అది ఆనదు. ఈ హాలే బాంబు. ముట్టించబోయేది జనార్దన్.

ఆయన అప్పటికే అగ్గిపుల్ల తీశాడు. పక్కనే మేళం మోగుతోంది, అరిస్తే ఆయనకు వినపడదు. పిస్టల్ పేలిస్తే తనే నిప్పు పెట్టినట్టు. రత్నాకర్ ఒక్క దూకు దూకి, దీపం పక్కనున్న నూనె చెంబు ఎత్తి అగ్గిపెట్టె మీద గుమ్మరించాడు. పుల్ల గీసుకుంది. జారింది. అంటుకోలేదు.

పక్కనే ఉన్న సుమన చెవిలో "గ్యాస్" అన్నాడు. వెంటనే ఆమె మైకు అందుకుంది. "గ్యాస్ లీకయింది. స్విచ్చులు, ఫోన్లు ముట్టకుండ్రి. తలుపులు తెరిచి నిమ్మలంగ బయటికి పోండ్రి."

ఆ మాటతో ముఠా ముందు తన ముసుగు తనే తీసేసుకుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వెనక వరసలోంచి ముఠా మనిషి ఒకడు ఆమె వైపు ఉరికాడు. రత్నాకర్ వాణ్ణి కింద పడేసి రెక్కలు విరిచి పట్టుకున్నాడు. గేటు బయట ఏజెన్సీ జీపు సుమనను ఎక్కించుకుని కదిలేదాకా అతని ప్రాణం కుదుటపడలేదు.

ఆవరణలో జనార్దన్ భార్య గోదావరి, నూనెలో తడిసిన భర్త పట్టుపంచె చూసి మండిపడింది.

"దీపం పెడ్తుంటే నూనె ఒలకబోస్తవా బిడ్డా? ఎంత అరిష్టమో ఎరుకనా?"

"ఎరుకే అమ్మా," అన్నాడు రత్నాకర్. "తిట్టనీకి మీరున్నరు, పడనీకి నేనున్న. గంతే చాలు."