పదో గీత దాకా

“కొంచెంసేపు నోరు మూసుకుంటరా సార్?”

వనజ నాతో అన్న మొదటి మాట అదే. భద్రాచలంలో అర్జీలు రాసిపెట్టే మా చిన్న ఆఫీసులో ఆమెకది మొదటి రోజు, నాకు మూడో ఏడు. ఒళ్లు మండిపోయింది.

ఎదురుగా జంపక్క అనే ముసలమ్మ కూర్చుంది. “రేషన్ కార్డా? పేరు ఎక్కించాల్నా?” అని నేను గుక్కతిప్పుకోకుండా అడిగితే తలూపింది. రాసేశాను. అప్పుడే వనజ నా నోరు మూయించి, ఆ కాగితం పక్కన పెట్టి, “చెప్పు అవ్వా” అని ఊరుకుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

చివరికి జంపక్క నోరు విప్పింది. “మా పిలగాని పేరు తీసెయ్యాలె బిడ్డా. పోయిండు.”

నేను రాసింది ‘పేరు చేర్చాలి’ అని. ఆ పూట అన్నం సయించలేదు.

వారం తిరిగేసరికి ఆమె నోట ‘సార్’ అనే పిలుపు పోయి వీరబాబునయ్యాను. టీ తాగుతూ వనజే నేర్పింది.

“అడిగినంక బొటనవేలితో వేళ్ల గీతలు లెక్కపెట్టు. పది దాకా మాట్లాడకు. లోపలి మాట పైకి రానీకి టైం పడ్తది.”

“పదా? నేను మూడుకే సచ్చిపోత!”

పకపకా నవ్వింది. నా పని అయిపోయింది అప్పుడే.

శ్రావణంలో ఒక సాయంత్రం, బస్టాండులో ఇద్దరం వానకు ఆగిపోయాం.

“ఆదివారం నన్ను చూడనీకి వస్తున్నరు. ఏమనాల్నో ఏందో,” అంది వనజ.

“నన్ను చేసుకుంటవా?” అనేశాను.

తల దించుకుంది. నేను గీతలు లెక్కపెట్టాను. ఐదు, ఆరు, ఏడు. ఇక నా వల్ల కాలేదు.

“ఏయ్, జోక్ చేసిన! సీరియస్‌గా తీస్కోకు.”

“జోకా?” అంది.

చున్నీ అంచు కింద ఆమె బొటనవేలు ఒక్కో గీతా దాటుతోంది. నాకు కనబడుతూనే ఉంది. ఎన్నడూ ఆగని నా నోరు ఆ రోజు పెగల్లేదు. పది అయ్యాక వనజ వాళ్ల ఊరు చండ్రుగొండ పోయే బస్సెక్కింది.

దసరా దాటాక వనజకు ఆ సంబంధమే కుదిరి పెళ్లయింది. ఉద్యోగం మానేసింది.

మొన్న జంపక్క మళ్లీ వచ్చింది. ఖాళీ కుర్చీ చూసి, “ఆ పిల్ల ఏది బిడ్డా?” అనడిగింది.

“పెళ్లయింది అవ్వా.”

ఆమె నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. నా బొటనవేలు దానంతటదే గీతల మీద నడిచింది.

పదో గీత దగ్గర నాకు ఏడుపొచ్చింది.

“జోక్ కాదవ్వా,” అన్నాను.