చేత్తో దిద్దకూడని ఫైలు

"మా మేనమామ పోయి రెండు నెలలైందండీ. నేను సాయంత్రం దిద్దిన తప్పును తెల్లారేసరికి ఆయన మళ్లీ రాసేస్తున్నారు," అంది ఆ అమ్మాయి.

అసిస్టెంటుకు నవ్వొచ్చింది గానీ, డిటెక్టివ్ ముఖం చూసి బుద్ధిగా నోట్సు తీశాడు. ఆవిడ నవ్వని చోట నవ్వితే పరువు పోతుందని అతనికి అనుభవమే.

అమ్మాయి మేనమామ పనిచేసిన ఆఫీసులోనే ప్రోగ్రామర్. ఆసుపత్రి మందుచీటీలు చదివి మాటల్నీ అంకెల్నీ విడగొట్టే స్కానర్‌ను మేనమామ ఒక్కరే తయారు చేశారు. పోయిన వారం అది చీటీలో మసకబారిన దశాంశ చుక్కను వదిలేసి, రెండున్నరను ఇరవై అయిదుగా చదివింది. ఒక పసిపాప చావు అంచుల దాకా వెళ్లి బతికింది. మేనేజరు ఒక ఫైలు ఇచ్చి దిద్దమన్నాడు. దాని పైన "దీన్ని చేత్తో దిద్దవద్దు" అని ఉంది. అయినా మూడుసార్లు దిద్దింది. మూడుసార్లూ పొద్దున ఆరింటికి పాత తప్పే వచ్చి కూర్చుంది.

"నా ఉద్యోగం పోతే పోనీండి. తప్పు మామయ్యదేనా? అదొక్కటీ తేల్చండి."

ఆఫీసులో మేనమామ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. దాని పక్కన నిలబడి అసిస్టెంటు ఫైలు చూశాడు. పన్నెండు వేల వరుసలు, అన్నీ ఒకే పోత. చివర పోయినాయన పేరు.

పెద్దాయనకు చాదస్తమనీ, అంతా చేత్తోనే రాసేవారనీ, ఆయన కంప్యూటరు తన గదిలోనే ఉన్నా తాను తెరవలేదనీ మేనేజరు చెప్పాడు. అప్పట్లో అంకె కాస్త అలుక్కుపోయినా స్కానర్ ఆగిపోయేదనీ, నర్సులు తనను దుమ్మెత్తిపోసేవారనీ వాపోయాడు.

మర్నాడు డిటెక్టివ్ అందరినీ మేనేజరు గదికి పిలిచింది. కంపెనీ యజమాని ఎదుటే మేనమామ కంప్యూటరు తెరిపించింది.

"ఇంత ఏకరీతిగా పన్నెండు వేల వరుసలు ఏ మనిషీ రాయడు. మీ మామయ్య రాసింది రెండు పేజీల నియమాలు. ఒక టూల్ రోజూ పొద్దున ఆరింటికి వాటిని చదివి స్కానర్ క్లాసులన్నీ, అంటే ఈ ఫైలులోని కోడంతా, కొత్తగా పుట్టిస్తుంది. నువ్వు దిద్దింది పుట్టినదాన్ని, అమ్మాయ్. నియమాలు ఇక్కడ దాక్కున్నాయి."

"అయితే తప్పు ఆ నియమాల్లోనిదే, అంటే ఆయనదే కదా?" అన్నాడు యజమాని. అమ్మాయి ముఖం పాలిపోయింది.

"పేరు ఆయనదే. చివరిసారి మార్చిన తేదీ మాత్రం ఆయన పోయిన పదకొండో రోజు."

డిటెక్టివ్ మేనేజరు వైపు తిరిగింది.

"అంకె తెలియకపోతే ఆగేదని మీరే అన్నారు. ఇప్పుడు ఆగడం లేదు. ఆ నియమాన్ని ఎవరో తీసేశారు. దయ్యాలకు నర్సుల తిట్లు పడవు, మీకు పడ్డాయి. ఆయన కంప్యూటరూ మీ దగ్గరే ఉంది. పాపకు ప్రమాదం జరిగాక, నింద పోయినవాడి మీదా ఈ పిల్ల మీదా పడాలని నియమాలు దాచి ఈ ఫైలు చేతికిచ్చారు."

"ఊరికే ఆగుతోందని తీశాను. ఇంత పనవుతుందనుకోలేదు," అన్నాడు మేనేజరు, తల వంచుకుని.

మేనమామ పాత నియమం ఆయన దాచుకున్న నకల్లో దొరికింది. అమ్మాయి దాన్ని తిరిగి చేర్చి, టూల్ నడిపి, పాప మందుచీటీనే మళ్లీ చూపించింది. స్కానర్ ఆగింది. తెర మీద రెండు వాక్యాలు కనిపించాయి.

"ఈ అంకె నాకు సరిగా కనిపించలేదు. దయచేసి మీరొకసారి చూడండి."

అమ్మాయి కళ్లు తుడుచుకుని చీటీని వెలుతురుకు పట్టింది.

"రెండున్నర, మామయ్యా," అంది మెల్లగా.