ఆర్-సెవెన్ ఇంజెక్షన్ ఫైలు

1999 డిసెంబర్. ఉదయం తొమ్మిదికి డాక్టర్ శశిధర్ హోసూరు రోడ్డు మీద లారీ కింద పడి చచ్చాడు. పడలేదు, తోశారు. చేతిలోని రిజిస్టరు మాయం.

తొమ్మిదిన్నరకు పోలీసు నిఘా ఏజెంట్ వరూధినికి చీఫ్ దామోదర్ ఫోన్.

"ఆర్-సెవెన్. గర్భం రాకుండా వేసే ఇంజెక్షన్. బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీలో రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్ళ మీద ట్రయల్. నెత్తురు ఆగక ఆస్పత్రి పాలైనవాళ్ళ పేర్లన్నీ శశిధర్ రిజిస్టర్లో ఉన్నాయి. విదేశీ ముఠా అందరూ బాగున్నారని దొంగ ఫైలు పెట్టింది. పదకొండుకు అనుమతి సర్టిఫికెట్ మీద నిపుణుల కమిటీ సంతకం. ఆపు. లోపల మన మనిషి గీతాంజలి ఉంది."

"ఆధారం?"

"నువ్వే వెతుక్కో."

వరూధిని కాఫీ ట్రాలీ తోసుకుంటూ కమిటీ కూర్చున్న హోటల్ హాల్లోకి వెళ్ళింది. ఫ్లాస్కు మూతలో కెమెరా. ఆ సంతకం పడితే దేశంలో ప్రతి సర్కారు ఆస్పత్రిలో ఆ సూది దిగుతుంది. భయపడక ఏం చేస్తుంది?

పట్టుచీర, ముత్యాలు, ఘాటైన సెంటు. గీతాంజలి పక్కకొచ్చింది.

"కాఫీలో చికోరీ ఎక్కువైంది."

కోడ్ వర్డ్ సరిపోయింది. వరూధిని ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం నడుముకు సిరంజి మొన తగిలింది.

"శశిధర్‌ను తోయించింది నేనే. నోరు విప్పితే నువ్వూ అక్కడికే."

పది యాభై ఎనిమిది. చైర్మన్ పెన్ను మూత తీసి చదువుతున్నాడు. "అక్టోబర్ పద్ధెనిమిది. రెండు వందల పన్నెండు మందికీ ఫ్యాక్టరీలోనే బీపీ పరీక్ష. అందరికీ నార్మల్."

అంతకు ముందు చదివినవీ సరిగ్గా నాలుగు వారాలకొక తేదీ! ఎక్కడో పరాయి దేశంలో, ఇక్కడి పండగలు తెలియనివాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టిన తేదీలు. ముఠా సాక్షిగా తెచ్చిన ఆ ఫ్యాక్టరీ టైలర్ చెన్నమ్మ కుర్చీ అంచున ముడుచుకుని ఉంది.

వరూధిని మరిగే కాఫీ గీతాంజలి చేతి మీద కుమ్మరించింది. సిరంజి ఎగిరిపడింది. "పోలీస్!" అని కేక వేసి చెన్నమ్మ వైపు తిరిగింది.

"చెన్నమ్మా! దసరా ముందురోజు ఎక్కడున్నావ్?"

"ఆ దినం ఆయుధపూజ కదమ్మా! దానికి ముందు శనివారమే మిషన్లకు కుంకుమ పెట్టి, గేటుకు బీగం ఏసిరి. నేను మడకశిరలో ఉండాను. అందరమూ ఊర్లకు పోతిమి. ఇంగ ఎవురి బీపీ చూసిరప్పా వీళ్ళు?"

చైర్మన్ పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఆగింది.

"సర్టిఫికెట్ లేదు. తలుపులు మూయండి. ఆ రెండు వందల పన్నెండు మందినీ పిలిపించండి. కాగితాలు కాదు, మనుషుల్ని."

గీతాంజలిని పోలీసులు లాక్కెళ్ళారు. వరూధిని గోడకు ఆనుకుని కింద కూలబడింది.

చెన్నమ్మ వంగి చూసింది. "ఏమక్కా, పోలీసంటివి, చేతులిట్లా వణుకుతుండాయే?"

"సూదులంటే నాకూ పడదు, చెన్నమ్మా."