ముందు టైర్ల నిమ్మకాయలు

కారు లేదు. జయరామ్ లేడు. కాశీ ప్రయాణానికి కట్టిన చిత్రాన్నం డబ్బా మాత్రం వంటింటి గట్టు మీదే ఉంది.

ఎస్సై కృపారాణి చిత్తూరు శివార్లలోని ఆ ఇంటి ముందు జీపు దిగేసరికి ఉదయం ఏడున్నర. జయరామ్ భార్య రాజశ్రీ పరుగున ఎదురొచ్చింది.

"నన్ను వదిలేసి ఒక్కడే యాడికి పోతాడు మేడమ్? రాత్రికి హైదరాబాదులో రూము కూడా బుక్ చేసినాడు. ఎవరో ఆయన్ని ఏమో చేసినారు!"

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"తెల్లారకముందే. టైర్లలో గాలి సూసొస్తానని కిందికి దిగినాడు. నేను స్నానానికి పోయినాను. వచ్చి సూస్తే కారే లేదు."

"ఇంజన్ శబ్దం?"

"వినపడలేదు."

పక్క వాటాలో ఉండే ఆమె తమ్ముడు భానుచందర్ ముందుకొచ్చాడు. "నేను సూసినా మేడమ్. బావ గేటు దాటి పలమనేరు దిక్కుగా పోయినాడు."

"కాశీకి పలమనేరు దారా?"

"అదే నాకూ అర్థం కాలేదు. అక్కా, నా కారెక్కు. మొగిలి ఘాట్ దాకా వెతుకుదాం."

రాజశ్రీ చెప్పులు వేసుకుంది.

అంతలో కానిస్టేబుల్ మునికుమార్ ఫోన్ పెట్టేశాడు. "పలమనేరు దారి టోల్‌గేట్ కెమెరాల్లో ఈ నంబరు పడలేదంట మేడమ్. ఆడ ఎగిరే కాకికి కూడా ఫోటో తీస్తారు."

కృపారాణి వాకిట్లో కూర్చుని నేలను చూస్తోంది. అక్కడ నాలుగు నిమ్మకాయలు. గేటు వైపు రెండు గుండ్రంగా ఉన్నాయి. ఇంటి వైపు రెండు చితికిపోయాయి.

"ఇవి ఎవరు పెట్టారు?"

"రాత్రే నేను పెట్టినాను. కారు మొగం గేటు దిక్కే ఉండింది. నాలుగు టైర్ల ముందరా ఒక్కొక్కటి," అంది రాజశ్రీ.

"చర్చికి పోయే మా నాయన కూడా కొత్త ఆటోకి నిమ్మకాయలు పెట్టినాడు. తొక్కించకుండా కదలనీలేదు." కృపారాణి లేచింది. "కారు ముందుకు పోయుంటే ముందు టైర్ల కాయలే మొదట చితకాలి. అవి చెక్కుచెదరలేదు. వెనక టైర్ల కాయలు చితికినాయి. అంటే ముందు టైర్లు వెనక్కి దొర్లి వాటిని తొక్కినాయి. కారు గేటు దాటనే లేదమ్మా. వెనక్కి దిగే ఈ వాలులో న్యూట్రల్‌లో వదిలితే చప్పుడే రాదు. వెనక ఏముంది?"

"ఇంటి పక్క సందు చివర పాత బెల్లం షెడ్డు." రాజశ్రీ షెడ్డు వైపు చూసింది. "తాళం... తమ్ముడి దగ్గరే ఉండాది."

భానుచందర్ గేటు వైపు దూకాడు. మునికుమార్ కాలర్ పట్టేశాడు. "యాడికప్పా? ఘాట్‌కా?"

షెడ్డు తలుపు తెరుచుకుంది. చీకట్లో కారు. వెనక సీట్లో కాళ్లూ చేతులూ కట్టేసిన జయరామ్. తల మీద ఎండిన రక్తం. అద్దం దగ్గర తెగిన వైరు వేలాడుతోంది.

నోటి గుడ్డ తీయగానే అతను భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"పోయిన ఆదివారం నీ తమ్ముడు ట్రయల్ వేస్తానని కారు తీసుకుపోయినాడు కదా. ఐరాల దగ్గర ఒక ముసలాయన్ని గుద్ది వచ్చినాడు. పొద్దున అద్దం కాడుండే డాష్‌క్యామ్ కెమెరాలో సూసినాను. ఆ పాపంతో కాశీకి పోలేం, ముందు స్టేషన్‌కి పోదాం రా అన్నాను. కొట్టినాడు. రేత్రికి ఘాట్‌లో కారుతో సహా తోసేస్తానన్నాడు."

"అక్కా..." అన్నాడు భానుచందర్.

రాజశ్రీ తమ్ముడి వంక చూడలేదు. అతని కారెక్కడానికి వేసుకున్న చెప్పులను కాళ్ల నుంచి విదిలించేసింది.