ఒక వారం వాడి చూడండి

"గట్టిగా ఉండాలి. బటన్లుండాలి. లినక్స్‌కి కనెక్టవ్వాలి. ఇంకేం అక్కర్లేదు."

ఒమాన్‌లోని రుస్తాఖ్ బజార్లో నాలుగేళ్లుగా మొబైళ్లు అమ్ముతున్న టిమోతి, ఫోటోలో తెల్లగా పడాలనే వాళ్లను వందమందిని చూశాడు. ఇంత తక్కువ ఆశలున్న అమ్మాయిని చూడడం మాత్రం ఇదే.

"పాత ఫోన్ ఏమైందండీ?"

"యూనిఫాం జేబులో మర్చిపోయి వాషింగ్ మెషీన్లో వేశాను."

"అయ్యో, మొదటిసారేనా?"

"మూడోసారి."

జూలీ స్టాఫ్ నర్సు. డ్యూటీలో తోచిన బాణీలు ఫోన్లోకి కూనిరాగం తీసి, ఇంటికెళ్లాక లాప్‌టాప్‌లో దాచుకుంటుంది. వైరస్‌లతో విసిగి వాళ్లన్నయ్య ఏలియా అందులో విండోస్ తీసేసి లినక్స్ పెట్టాడు. వాళ్ల ప్రార్థన కూటంలో ఈ ఏడాది క్రిస్మస్ పాటకి బాణీ కట్టే పని ఆమెదే. మూడు ఫోన్లతో పాటు మూడు పల్లవులు సబ్బునీళ్లలో కలిసిపోయాయి.

"ఇది దేనికైనా కనెక్టవుద్దండి," అన్నాడు టిమోతి. లినక్స్ అంటే ఏమిటో అతనికి తెలీదు. తెలీదనడం వ్యాపారంలో లేదని షాపు యజమాని ఖమరుద్దీన్ సేఠ్ నేర్పాడు.

"అవ్వకపోతే?"

ఆమె కళ్లెత్తి అడిగిన తీరుకి, షాపు ఎదుటి కొండలు కూడా జవాబు కోసం ఆగినట్టనిపించింది.

"ఒక వారం వాడి చూడండి. మార్చిస్తాను."

అవ్వలేదు. గురువారం సాయంత్రం ఆమె తిరిగొచ్చింది. టిమోతి ఇంకోటిచ్చాడు. పౌరుషమొచ్చి, రూమ్మేట్ ఫెలిక్స్ పాత కంప్యూటర్లో లినక్స్ వేయించుకుని, షాపులోని ఫోన్లన్నీ ఒక్కొక్కటే గుచ్చి చూశాడు. అంచులకి రబ్బరున్న లావుపాటి ఫోనొకటి, మెట్ల మీంచి పడేసినా బకెట్లో ముంచినా చావలేదు. తుడిచి తీగ గుచ్చగానే కంప్యూటర్ తెర మీద ఇల్లు తెరిచినట్టు తెరుచుకుంది.

దొరికింది! ఆ సంతోషం రెండు నిమిషాలే. ఇది పనిచేస్తే ఆమె మళ్లీ షాపుకి రాదు. శుక్రవారం ప్రార్థనలో దూరం నుంచి చూడడమే తప్ప పలకరించే ధైర్యం అతనికి లేదు.

ఫోన్ని కౌంటర్ కింద పెట్టి, గురువారం మూడోది ఇచ్చాడు. ఆ పై గురువారం నాలుగోది.

"ఫోన్లు అమ్ముతున్నావా, అద్దెకిస్తున్నావా?" అని సేఠ్ హిందీలో అడిగాడు. టిమోతి గుడ్డ తీసుకుని, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

వెనక్కి తెచ్చిన ప్రతి ఫోన్లోనూ ఆమె ఒక కూనిరాగం చెరపడం మర్చిపోయేది. మూడోదాంట్లో, రాగం మధ్యలో టీ గిన్నె మూత ఖంగున పడింది. ఆమె "అబ్బా!" అని నవ్వి మళ్లీ అందుకుంది. ఆ ముక్క వింటుంటే ఖర్జూరం తోటల మీదికి సాయంత్రం తాపీగా దిగొచ్చేది. కస్టమర్లు ధర రెండుసార్లడగాల్సి వచ్చేది.

నాలుగోది కూడా తిరిగిచ్చేటప్పుడు జూలీ నెమ్మదిగా అంది: "ఈ ఏడు నా పాట ఫోన్లోనే ఉండిపోయేలా ఉందండీ."

ఆ రాత్రి షాపు మూసేటప్పుడు టిమోతి కౌంటర్ కింది లావుపాటి ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

ఒమాన్‌లో ఆదివారం శుక్రవారమే వస్తుంది; వారపు సెలవు ఆ రోజే. హెడ్ నర్సు దీవెనమ్మ గారింటి హాల్లో తెలుగువాళ్ల ప్రార్థన. బయట వాన. వాగు పొంగి రోడ్డు మునిగింది, ఎవరూ కదిలే వీల్లేదు. "సాక్ష్యం చెప్పేవారున్నారా?" అన్నారావిడ. ఎన్నడూ నోరు విప్పని టిమోతి లేచాడు.

"నేనొకరిని మోసం చేశానండి. సరైన ఫోను దొరికినా దాచేసి, పనికిరానివి ఇస్తూ వచ్చాను. వాళ్లు మళ్లీ వస్తారని."

"ఏ సిస్టర్‌కి బాబూ?"

"సిస్టర్ కాదండీ... జూలీ గారికి."

"ఆమేన్," అన్నాడు ఫెలిక్స్, అలవాటుకొద్దీ. హాలంతా నవ్వింది. జూలీ మాత్రం తలెత్తలేదు. తన కథ అయిపోయిందనుకుని టిమోతి కూలబడ్డాడు.

"సర్లే. పాపం ఒప్పుకున్నావు," అని దీవెనమ్మ జూలీ వైపు తిరిగారు. "జూలీ, కొత్త బాణీ వినిపించమ్మా."

జూలీ లాప్‌టాప్ తెరిచింది. కూనిరాగం మొదలైంది. సగంలో, ఖంగుమని మూత. "అబ్బా!" అని నవ్వు.

టిమోతి నిటారుగా కూర్చున్నాడు. అది మూడో ఫోన్లోది! కనెక్టవ్వడం లేదని తెచ్చిచ్చిన ఫోన్లోది!

వసారాలో వాన చూస్తూ నిలబడిన ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఆ పాట లాప్‌టాప్‌లోకి ఎలా ఎక్కిందండీ?"

"తీగ గుచ్చాక ఫోన్లో రెండో ఆప్షన్ నొక్కాలి. అన్నయ్య చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"రెండో వారం." జూలీ చెయ్యి చాపి చూరునీళ్లు పట్టింది. "సాక్ష్యం చెప్పేంత ధైర్యం నాకు లేదు."

టిమోతి జేబులోంచి లావుపాటి ఫోన్ తీసిచ్చాడు.

"ఇది కూడా వారం వాడి చూడాలా?"

"ఇది వెనక్కి తీసుకోనండి. నా నంబర్ అందులో వేశాను. యూనిఫాం ఉతికే ముందు ఫోన్ చేసి గుర్తుచేస్తాను."

డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన జూలీ, ఫోన్‌ని ఆ యూనిఫాం జేబులోనే వేసుకుంది.

"నేను రోజూ ఉతుకుతాను," అంది.