కుదుపుమింగి

త్రినాథ్ బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక చక్రం కింద చెక్కముక్క దోపి, పాత షాకబ్జర్ల నట్లు విప్పుతున్నాడు. అతని భార్య సువర్చల ప్రయాణపు సంచి భుజాన వేసుకుని, కొత్తవి చేతికందిస్తోంది. సాయం చేస్తున్నట్టు లేదు, సాక్ష్యానికి వచ్చినట్టుంది.

గౌతమీనగరంలో కుదుపంటే ఏమిటో జనం మరిచిపోయారు. రోడ్లు బాగుపడ్డాయనుకునేరు, గోతులు మరింత పెద్దవయ్యాయి. ప్రతి బండికీ కుదుపుమింగి అనే కొత్తరకం షాకబ్జర్ తప్పనిసరి చేశాక వాటిని పూడ్చడమే మానేశారు. నడిచేవాళ్ల కాళ్లు విరిగితే వాళ్ల ఖర్మ. కుదుపుమింగిలోని ద్రవం బరువును క్షణం ముందే పసిగట్టి గట్టిపడుతుంది. గోతిలో పడినా, మనిషి ఎక్కినా దిగినా, బండి వెంట్రుకవాసి కదలదు.

తాతగారి పెట్రోలు బండికి త్రినాథ్ బ్యాటరీ పెట్టాడు, సీటు పొడిగించాడు, అందం చెడుతుందని అద్దాలు పీకేశాడు. స్ప్రింగుల జోలికి మాత్రం పోలేదు. ఆమె కూర్చోగానే అవి మూలిగి కిందికి దిగేవి. మాటల్లేని ఈ నెలల్లో ఆమె కోపం ఎంత ఉందో అవే చెప్పేవి. పాత బండ్లకిచ్చిన గడువు నేటితో ముగిసింది. స్ప్రింగులతో రోడ్డెక్కితే బండిని పట్టుకుపోతారు.

గొడవ చిన్నది కాదు. సువర్చలకు కర్నూలులో ఉద్యోగమొస్తే, ఆమెతో మాటమాత్రం చెప్పకుండా, ఆమె రాదని వాళ్లకు ఇతనే కబురు పెట్టాడు. ఆమె బతిమాలి ఆ ఉద్యోగాన్ని మళ్లీ తెచ్చుకుంది. ఈ పూటే బయల్దేరుతోంది.

“పాతవే బాగుండేవి,” అన్నాడు త్రినాథ్, చివరి నట్టు బిగిస్తూ.

“ఆఖరిసారైనా నా నడుం విరక్కుండా దింపండి. చెప్పేదేమైనా ఉంటే వంతెన సిగ్నల్ లోపు చెప్పండి. అక్కడ దిగి బస్సెక్కుతాను.”

“చెప్పేదేం లేదు.”

దారంతా అతను నోరు విప్పలేదు. తప్పని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. వెనక్కి తిరిగితే ఓడిపోయినట్టేనని బిగుసుకుని కూర్చున్నాడు. దిగితే తెలుస్తుంది కదా, సీటు పైకి లేస్తుంది కదా అనుకున్నాడు. సీటు కదల్లేదు. పచ్చదీపం వెలిగింది.

దిగలేదు! అతని గుండె తేలికైంది. తనకోసం ఉండిపోయిన మనిషి ముందు ఇంకా బెట్టు ఎందుకనిపించింది.

వంతెన పొడవునా మాట్లాడాడు. ఆమె ఉద్యోగం చూసి తనకు కుళ్లు పుట్టిందన్నాడు. ఒంటరిగా ఉండాలంటే భయమేసిందన్నాడు. “తప్పు నాదే సువర్చలా. నువ్వు కర్నూలు వెళ్లు. నేనూ వస్తాను, రానిస్తే,” అన్నాడు. ఆమె బదులివ్వలేదు. ఏడుస్తోందేమో, ఏడవనీ అనుకున్నాడు.

అవతలి ఒడ్డున బండి ఆపి, వెనక్కి తిరిగాడు.

సీటు ఖాళీగా ఉంది. దూరంగా సిగ్నల్ దగ్గర ఆమె లేదు, బస్సూ లేదు.

అతను బండి దిగాడు. ఆమె కూర్చునే చోట రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి నొక్కాడు. సీటు కిందికి దిగలేదు.