లైబ్రరీ వెనక పల్లం

"ఏవండీ, ఆ మేకు పీకేయండి!"

సుత్తి ఎత్తిన సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. యూనివర్సిటీ లైబ్రరీ వెనక పల్లంలో, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురద కాళ్లతో ఓ అమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనక ఫస్టియర్ పిల్లల గుంపు.

"ఇక్కడ పార్కింగ్ వస్తోందండీ. సర్వే చేస్తున్నా."

"ఇక్కడ నా క్లాసు నడుస్తోందండీ. కప్పలు గుడ్లు పెట్టాయి."

"కప్పలకి పర్మిషన్ ఉందా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. మేకు తనే పీకి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

జువాలజీలో పీజీ చేస్తూ, సెలవు రోజుల్లో జూనియర్లకి చెట్టూ చేమా చూపించే ఆమెను అందరూ కప్పల టీచర్ అంటారని అతనికి క్యాంటీన్‌లో తెలిసింది. అతనిదేమో ఫైనలియర్ ప్రాజెక్టు. పార్కింగ్ ప్లాన్ బాగా గీస్తే, గైడ్ తనకు తెలిసిన కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు.

ఆ తర్వాత సర్వేకి వెళ్లిన ప్రతిసారీ ఆమె ఎదురుపడేది. పోట్లాట కాస్తా వేళాకోళమైంది. ఆమె కనిపించని రోజున అతనికి కొలతలు తప్పడం మొదలైంది.

ప్లాన్ గైడ్ చేతికి వెళ్లిందని తెలిసిన రోజు నుంచి మాత్రం ఆమె మాట్లాడటం మానేసింది.

ఓ మధ్యాహ్నం ఆకాశానికి చిల్లుపడినట్టు వాన. గొడుగు వేసుకుని పల్లం దగ్గరికి పరుగెత్తిన ఆమెకు, తడిసి ముద్దయిన అతను కనిపించాడు.

"వానలో కూడా వదలరా?"

"నీళ్లెటు పోతున్నాయో చూస్తున్నా. క్యాంపస్ నీళ్లన్నీ ఈ పల్లంలోకే వస్తున్నాయి. దీన్ని పూడిస్తే లైబ్రరీ మునుగుతుంది. నా ప్లాన్ తప్పండీ."

ఆమె దగ్గరికి జరిగి, అతని మీదికీ గొడుగు పట్టింది.

కొత్త ప్లాన్ చూసి గైడ్ మండిపడ్డాడు. "ఉద్యోగం కావాలా, కప్పలు కావాలా?"

"రేపు లైబ్రరీ మునిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను సార్?"

పార్కింగ్ సంగతి తేల్చే యూనివర్సిటీ కమిటీ ముందు అతను నీటి దారి గీసి చూపించాడు. పల్లంలో ఏమేం బతుకుతున్నాయో ఫస్టియర్ పిల్లలే చెప్పారు. కమిటీలో ఉన్న లైబ్రేరియన్ పెద్దాయన వాళ్లకే ఓటేశాడు. పార్కింగ్ చిన్నదై వర్క్‌షాప్ పక్కకి వెళ్లింది. పల్లం దక్కింది. ఉద్యోగం మాట గైడ్ మళ్లీ ఎత్తలేదు.

"నా వల్లే కదా..." లైబ్రరీ మెట్ల మీద ఆమె తల దించుకుంది.

"మీ వల్ల కాదు, వాన వల్ల. ఉద్యోగం ఇంకోటి వెతుక్కుంటా. మీలాంటి మనిషిని ఎక్కడ వెతుక్కోను?" అతను ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె ఎర్రబడ్డ మొహం పక్కకి తిప్పుకుని ఇంటికి ఫోన్ కలిపింది. "అమ్మా... ఆఁ, ఆయనే. ఇన్నాళ్లకి నోరు విప్పాడు."

అతను తెల్లబోయాడు. "ఇంట్లో నా గురించి చెప్తుంటారా?"

"మొదట్లో తిట్టడానికే లెండి."

"తర్వాత?"

ఆమె నవ్వుతూ ఫోన్ అతనికి ఇచ్చేసింది.

"బాబూ," అంది అవతలి గొంతు, "ఆదివారం భోజనానికి వచ్చెయ్. తర్వాతేం చెప్పిందో తీరిగ్గా చెప్తాను."